రెక్క చివరి సందు

పాపకూర
ఫిబ్రవరి, రెండో ఆదివారం

అమ్మా అక్షయా,

ఆశీస్సులు. మామూలుగా అయితే పైన 'చి॥ల॥సౌ॥ అక్షయకు' అని రాయాలి. మీ పెళ్లయినప్పటి నుంచి పండగ చీరతోబాటు పంపిన ప్రతి చీటీ మీదా అలాగే రాశాను. ఇవాళ 'చి' దాకా రాశాక చెయ్యి ఆగిపోయింది. సౌభాగ్యవతి అని ఎలా రాయను? రాయకుండా ఎలా ఉండను? ఆ కాగితం చించి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. నాకు చాదస్తం ఉన్నమాట నిజమే గానీ మరీ రాతిగుండె కాదు. అందుకే ఉత్త 'అమ్మా' అంటున్నాను. ఏమీ అనుకోకు.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరాలేమిటి అంటావేమో. ఫోన్ చేస్తే మనం చేసేదేమిటి చెప్పు? నువ్వు "అత్తయ్యగారూ" అంటావు, నేను "ఊఁ" అంటాను, ఆపైన ఇద్దరం ఏడుస్తాం. అది చూడలేక మీ మావయ్య చెప్పులేసుకుని వీధిలోకి పోతారు. కాగితం మీదైతే ఏడుపొచ్చినప్పుడు కలం పక్కన పెట్టొచ్చు. మళ్లీ కళ్లు తుడుచుకుని రాసుకోవచ్చు.

మీ మావయ్య బాగానే ఉన్నారు. అంటే, స్కూలు బస్సు నడుపుతున్నారు, పెట్టింది తింటున్నారు. వాడు రావలసిన దారి కదా, హామిల్టన్ వైపు మాత్రం కారు తిప్పరు. మొన్న అక్కడ ఎవరిదో గృహప్రవేశం ఉంటే నాకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి మానేశారు.

అసలు సంగతికొస్తాను. జులైలో ఏడాది వస్తోంది కదా. ఇంట్లో జరిగేది ఇంట్లో జరుగుతుంది. ఆ తర్వాతి ఆదివారం ఇక్కడి కమ్యూనిటీ హాల్లో విష్ణు పేరు మీద సభ పెడతామని మన తెలుగు సంఘం ఉదయభాస్కర్ గారు ఇంటికొచ్చి చెప్పారు. నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను? మావాడు కంప్రెసర్ రెక్క మీద పీహెచ్‌డీ చేశాడు అంటాను. ఏ రెక్క, ఏం కంప్రెసర్ అని ఎవరైనా అడిగితే తెల్లమొహం వెయ్యాలి. నువ్వూ ఇంజనీరువే కదా, నా బుర్రకెక్కేలా రాసి పంపు.

వాడి సంబరం మాత్రం నేను చెప్పగలను. ఆ శుక్రవారం పామర్‌స్టన్ నార్త్‌లో బయలుదేరే ముందు నాకు ఫోన్ చేశాడని నీకు తెలుసుగా. "అమ్మా, మన రెక్క నెగ్గింది" అన్నాడు. కూనిరాగం కూడా తీశాడు. ఆ హుషారుతోనే కారెక్కాడు. జులై చలికాలం కదా, కొండల మధ్య ఆ డెసర్ట్ రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉందని, కారు జారిపోతుందని వాడికేం తెలుసు! ఏ దిగులూ లేకుండా వెళ్లిపోయాడు తల్లీ. మనకి మిగిలింది ఆ ఒక్కటే.

వేళకి తిను.

మీ అత్తయ్య,
కామేశ్వరమ్మ


పామర్‌స్టన్ నార్త్
మార్చి మొదటి వారం

అత్తయ్యగారికి, మావయ్యగారికి

నమస్కారాలు.

మీ ఉత్తరం డ్యూటీకి వెళ్తూ పోస్టుబాక్సులో చూశాను. ఫ్యాక్టరీ పార్కింగులో కారాపి అక్కడే చదివేశాను. మీరు 'అమ్మా' అన్నదే బాగుంది. ఇక ముందు కూడా అలాగే పిలవండి.

రెక్క సంగతి చెప్తాను. తప్పులుంటే విష్ణు నన్ను వెక్కిరించేవాడు, ఇప్పుడా భయం లేదు.

నేను పనిచేసే పాలపొడి ఫ్యాక్టరీ లాంటి చోట్ల పాలని మరిగించి చిక్కబరుస్తారు. అప్పుడు పుట్టే ఆవిరిని వదిలెయ్యకుండా ఒక యంత్రంతో గట్టిగా నొక్కితే, అది ఇంకా వేడెక్కి, మళ్లీ పాలు మరిగించడానికే పనికొస్తుంది. నొక్కే ఆ యంత్రమే సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్. లోపల రెక్కలున్న చక్రం గిర్రున తిరిగి ఆవిరిని మధ్యలోంచి లాక్కుని అంచులకి విసిరికొడుతుంది. చక్రం చుట్టూ ఇనప తొడుగు ఉంటుంది. రెక్క చివరకీ తొడుగుకీ మధ్య ఒక సన్నని సందు. కష్టమంతా ఆ సందులోనే ఉంది. సందు పెద్దదైతే, నొక్కిన ఆవిరి రెక్క మీదుగా అవతలికి జారిపోతుంది, కరెంటు దండగ. మరీ చిన్నదైతే, వేడికి రెక్క సాగి తొడుగుకి రాసుకుంటుంది. అప్పుడు యంత్రమే పోతుంది.

సందుని తగ్గించకుండా జారుడుని తగ్గించాలన్నది విష్ణు పట్టుదల. రెక్క చివర నిలువునా చిన్న గాడి తీస్తే, అటూ ఇటూ రెండు సన్నటి గట్లు మిగులుతాయి. జారిపోబోయే గాలి ఆ గాడిలో పడి సుళ్లు తిరిగి బలం పోగొట్టుకుంటుందని తన ఆలోచన. గాడులు వేరే రకం యంత్రాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఈ పాల ఆవిరి యంత్రానికి ఎంత లోతు, ఎంత వెడల్పు ఉండాలో తేల్చడమే తన థీసిస్. ల్యాబ్‌లో ఆవిరికి బదులు గాలితో పరీక్ష చేస్తారు. మామూలు రెక్క, గాడి రెక్క, రెండింటినీ ఒకే సందుతో తిప్పి చూస్తే గాడి రెక్కే ఎక్కువ ఒత్తిడి ఇచ్చింది. చాలా ఎక్కువ.

తను పోయిన ఆ వారంలోనే, మంగళవారం నాడు. మర్నాడు లడ్డూలు చేసి ల్యాబ్ అంతా పంచాను. వాళ్ల గైడ్ గ్రాహం మూడు తిన్నాడు. ఈ దేశంలో పుట్టిన కివీ మనిషి అంత తీపి తినడం చూసి విష్ణు పడీపడీ నవ్వాడు.

గ్రాహం మొన్న పిలిచాడు. థీసిస్ దాదాపు పూర్తయింది కాబట్టి, మనిషి లేకపోయినా డాక్టరేట్ ఇవ్వడానికి యూనివర్సిటీలో వీలుందట. ఒక్కసారే చేసిన పరీక్షని కూడా ఒప్పుకుంటారట. కానీ నేనే, ఇంకోసారి తిప్పి చూస్తానని అడిగాను. అవసరమై కాదు. తను తిప్పిన చక్రం నా కళ్లముందు ఒక్కసారి తిరగాలి, ఆ చప్పుడు వినాలి, అంతే. శనివారాలు ల్యాబ్‌కి వెళ్తున్నాను.

మీరు చెప్పిన ఆ కూనిరాగమే నన్ను నడిపిస్తోంది అత్తయ్యగారూ. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టులో ఉండి నేను సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేదు. "అమ్మని చూసొస్తా, ఆదివారానికి వచ్చేస్తా" అని మెసేజ్ పెట్టాడు. "స్వీట్లు పట్టుకెళ్లు" అని నేను జవాబిచ్చాను. కనీసం మీ దగ్గరైనా సంబరపడ్డాడు.

మీ
అక్షయ


పాపకూర
మార్చి ఆఖరు

అమ్మా అక్షయా,

ఆశీస్సులు. నీ ఉత్తరం మీ మావయ్యకి రెండుసార్లు పైకి చదివి వినిపించాను. మూడోసారి ఆయనే అడిగి తీసుకున్నారు. కూరగాయల కొట్లో మన తెలుగు సంఘం శకుంతల కనబడితే, బెండకాయలు ఏరుకుంటూనే సందూ గాడీ అంతా చెప్పేశాను. "వదినా, మీరు కూడా పీహెచ్‌డీ చేసేలా ఉన్నారే!" అని నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులైంది నవ్వి. ఇంటికొచ్చాక, వాడు పోయాక నేనెలా నవ్వగలిగానని నన్ను నేనే తిట్టుకున్నాను.

నాకు మన మిక్సీ గుర్తొచ్చింది. జారులో బ్లేడుకీ గోడకీ మధ్య పప్పు ఇరుక్కుని నలగకుండా తిరుగుతూంటుంది చూడు, అలాంటిదేనా? కాకపోతే కాదని చెప్పు, సభలో పరువు తీసుకోవడం దేనికి.

ఒక్క మాట. ఆ పరీక్ష మళ్లీ చెయ్యడం ఎందుకమ్మా? ఒకసారి నెగ్గాడు, చాలదూ? వాళ్లే ఒప్పుకుంటామన్నారంటున్నావు. వారమంతా ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకుని, శనివారం ఆ ఇనప చక్రం ముందు కూర్చుని ఏడవడానికా? వద్దు. మానెయ్యి. శనివారాలు కాస్త పడుకో, లేకపోతే ఆ బస్సెక్కి ఇక్కడికి రా. నా మాట మీద ఏమాత్రం గౌరవమున్నా ఆ పని మానెయ్యి.

ఉదయభాస్కర్ గారు 'డాక్టర్ విష్ణు' అని రాయించి షీల్డు చేయిస్తారట. నేను సరే అన్నాను.

మీ అత్తయ్య


పామర్‌స్టన్ నార్త్
మే రెండో వారం

అత్తయ్యగారికి

నమస్కారాలు. ఆలస్యమైనందుకు మన్నించండి. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉంది. ఇక్కడ చలి మొదలైంది, గాలి అయితే చెప్పనక్కర్లేదు. విష్ణు సైకిల్ని ఫ్లాట్ కింద గరాజ్‌లోకి మార్చాను.

మిక్సీ పోలిక పరవాలేదు.

షీల్డు మీద ఏం రాయాలో ఉదయభాస్కర్ గారిని కొంచెం ఆగమనండి. యూనివర్సిటీ పనులు మెల్లగా జరుగుతాయి. సభలో రెక్క గురించి ఎక్కువ చెప్పకపోయినా నష్టం లేదు. తను చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పండి, వినేవాళ్లకి అదే బాగుంటుంది.

మావయ్యగారిని అడిగానని చెప్పండి.

అక్షయ


పాపకూర
మే ఆఖరు

అమ్మా అక్షయా,

నీ ఉత్తరం ఉప్పులేని పప్పులా ఉంది. చలి, గాలి, సైకిలు! ఆ మాత్రం వాతావరణం టీవీలో చెబుతున్నారు. నాకేమన్నా తెలియదనుకున్నావా? కోడలివే అయినా నిన్ను కూతురిలా చూశాను, నీ మాటలో ఏది తేడాగా ఉందో నాకు పట్టుబడదూ? రెక్క గురించి ఎక్కువ చెప్పొద్దంటావేం? పోయిన ఉత్తరంలో అంత ఇష్టంగా విడమరిచి రాసిన పిల్లవి.

ఒంట్లో బాగాలేదా? ఫ్యాక్టరీలో ఎవరైనా ఏమన్నా అన్నారా? లేకపోతే, అడగకూడదు గానీ అడుగుతున్నాను, మళ్లీ నీ జీవితం గురించి ఏమన్నా ఆలోచిస్తున్నావా? అలాంటిదేమైనా ఉంటే నాకు చెప్పడానికి జంకకు. నీకు పట్టుమని ముప్పై రెండేళ్లు లేవు. నేను అడ్డు చెప్పను. ఏడుస్తాను, కానీ అడ్డు చెప్పను.

ఆ పరీక్షే అయితే మాత్రం వదిలెయ్ తల్లీ. వద్దని ముందే చెప్పాను. నీ కాళ్లు పట్టుకుంటా, వదిలెయ్.

ఉదయభాస్కర్ గారు హాలుకి అడ్వాన్సు కట్టేశారు. గ్రాహం గారు కూడా వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారేమో అడగమంటున్నారు. ఏం చెప్పను?

మీ అత్తయ్య


పామర్‌స్టన్ నార్త్
జూన్ రెండో వారం

అత్తయ్యగారూ,

ఈ ఉత్తరం మీరు కూర్చుని చదవండి. మావయ్యగారు పక్కన ఉన్నప్పుడు వద్దు.

నా జీవితం గురించి కొత్తగా ఆలోచించడానికి పాత జీవితం నన్ను వదిలితే కదా. అది కాదు. ఒంట్లో బాగానే ఉంది. మీరు ఊహించిందే, ఆ పరీక్షే. వద్దని మీరన్నారు, నేను వినలేదు.

ఏప్రిల్‌లో చక్రాన్ని మళ్లీ బిగించాను. సందు కొలవడానికి ఫీలర్ గేజ్ అని ఉంటుంది. రకరకాల మందాల్లో పల్చటి స్టీలు రేకులు. సందులోకి ఏ రేకు బిర్రుగా దూరితే సందు అంత. విష్ణు వాడింది వెడల్పు తక్కువున్న సన్నటి రేకు, ఇరుకులో చెయ్యి తిరగడానికి అదే సుళువు. నేనూ అదే తీసుకుని గాడి రెక్క మీద పెట్టాను. రేకు ఒక పక్కకి ఒరిగినట్టనిపించింది. టార్చి వేసి చూశాను. అంచు గాడిలోకి దిగుతోంది.

అర్థమైందా అత్తయ్యగారూ? రేకు రెండు గట్ల మీదా ఆనలేదు. గాడిలోకి దిగింది. గాడి లోతు కూడా సందులో కలిసిపోయి, ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. మామూలు రెక్కకున్నంత సందే దీనికీ ఉందనుకుని, విష్ణు తొడుగుని బాగా దగ్గరికి జరిపి బిగించాడు. గాలి జారకపోవడానికి కారణం గాడి కాదు. అసలు సందే తక్కువ.

నమ్మలేదు. వెడల్పాటి రేకు సంపాదించి, రెండు గట్ల మీదా ఆనేలా పెట్టి, సందు సరిచేసి మళ్లీ తిప్పాను. ఒకసారి కాదు, ఎన్ని శనివారాలో. గాడి రెక్కకీ మామూలు రెక్కకీ ఏమీ తేడా లేదు. కొన్నిసార్లు గాడి రెక్కే వెనకబడింది. విష్ణు రెక్క నెగ్గలేదు అత్తయ్యగారూ.

చక్రం తిరిగే చప్పుడు వినాలని కదూ వెళ్లాను. విన్నాను. ఆపేశాక నేల మీద చతికిలబడి గట్టిగా ఏడ్చాను.

ఎవరికీ చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను, మీకు రాసిన ఆ చప్పటి ఉత్తరం అప్పటిదే. కానీ నేను పనిచేసేది ఆ యంత్రాల మధ్యే. రేపు ఈ థీసిస్ నమ్మి ఎవరైనా ఉన్న రెక్కలకి గాడులు తీయించి, లాభం రాలేదని తొడుగు దగ్గరికి జరిపితే, రెక్క విరిగి మనుషుల మీద పడుతుంది. అది విష్ణు పేరు మీద జరగనివ్వను. గ్రాహంకి చెప్పాను. ఆ అధ్యాయం అలా వెళ్లడానికి వీల్లేదన్నాడు. తీసేస్తే మిగిలింది డాక్టరేట్‌కి చాలదు. తప్పుని సరిదిద్ది రాస్తే, ఆ దిద్దుబాటు నా పని అవుతుంది గానీ విష్ణుది కాదట. తనకి చెందేది కొలత తప్పిన పరీక్ష ఒక్కటే. ఎలా చూసినా డాక్టరేట్ రాదు.

ఉదయభాస్కర్ గారికి ఎలా చెబుతారో మీ ఇష్టం. షీల్డు వద్దు. నా మీద పెట్టి చెప్పండి, కోడలు పిల్ల తెలివితక్కువగా మళ్లీ కెలికిందని చెప్పండి.

తనకి ఇదేదీ తెలియకుండానే పోయాడు. పాడుకుంటూ పోయాడు. నేను రోజూ అదే అనుకుంటూ పడుకుంటున్నాను.

మీ
అక్షయ


పాపకూర
జూన్ ఆఖరు

నా తల్లీ, అక్షయా,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. రాయడానికి కూర్చోవడం, లేచిపోవడం, ఇదే పని. ఇవాళ మీ మావయ్య బస్సు తీసుకుని వెళ్లారు. ఆయన వచ్చేలోపల పూర్తి చెయ్యాలి.

వాడికి తెలుసమ్మా.

వాడు పాడలేదు. "మన రెక్క నెగ్గింది" అని వాడు అనలేదు. ఆ మాట నాది, ఆ పాటా నాదే. ఆ శుక్రవారం పొద్దున ల్యాబ్‌లో ఇంకోసారి చక్రం విప్పి చూస్తుంటే రేకు ఒరగడం వాడే చూశాడు. నాకు ఫోన్ చేసి "అమ్మా, నేను తప్పు కొలిచాను, అంతా తప్పే" అన్నాడు. గాడిలోకి దిగిందనో ఏదో చెప్పాడు. అప్పుడు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, నీ ఉత్తరం చదివాక ఇప్పుడు అర్థమైంది. వాడు చెప్పింది సరిగ్గా ఇదే.

"ఎవరితోనూ ఏమీ మాట్లాడకు, ముందు ఇంటికి రా" అన్నాను. "అన్నం తిని, పడుకుని లేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. నేనే రమ్మన్నాను. ఆ మంచులోకి వాణ్ణి నేనే పిలిచాను. నీకు చెప్పొద్దన్నాడు, సరే చెప్పనన్నాను.

మర్నాడు మీ ఫ్లాట్‌కి వచ్చేసరికి నువ్వు గోడకి చేరగిలబడి ఉన్నావు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "ఫోన్లో ఏమన్నాడు అత్తయ్యగారూ?" నీ మొహం చూసి, సంతోషంగా ఉన్నాడమ్మా అన్నాను. నువ్వు కళ్లు మూసుకుని తలాడించావు. ఇంక దాన్ని వెనక్కి ఎలా తీసుకోను? వచ్చినవాళ్లంతా అడిగేవాళ్లు, అందరికీ అదే చెప్పాను. చెప్పినకొద్దీ పెరిగింది. పాట ఎప్పుడు చేరిందో నాకే తెలియదు. ఆఖరికి నాకు కూడా ఆ పాటే వినిపించడం మొదలైంది. మీ మావయ్యకి కూడా నిజం చెప్పలేదు.

అందుకే మళ్లీ పరీక్ష చెయ్యొద్దని అంత గోల పెట్టాను. నువ్వు చేస్తే తేలిపోతుందని నాకు తెలుసు. నువ్వు వాడికంటే మొండిదానివి.

వాడు హాయిగా వెళ్లిపోయాడన్న ఒక్క మాట నీకు మిగల్చాలనుకున్నాను. అదీ తీసేసుకుంటున్నాను. కానీ నీ ఉత్తరంలో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. తప్పు సరిదిద్దడం వాడి పని కాదు, నీ పని అవుతుందని ఆ గ్రాహం అన్నాడన్నావు. కాదు. ముందు కనిపెట్టింది వాడే. పోయే రోజున కనిపెట్టాడు. నాతో చెప్పాడు. నేను ఎక్కడ కావాలంటే అక్కడ చెబుతాను, ఏ కాగితం మీద సంతకం పెట్టమంటే పెడతాను. నా కొడుకు తప్పు కొలిచాడు, నిజమే. ఆ తప్పు దాచిపెట్టుకుని మాత్రం పోలేదు.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు.

మీ అత్తయ్య


పామర్‌స్టన్ నార్త్
జులై మొదటి వారం

అత్తయ్యగారూ,

తిట్టాను. మీ ఉత్తరం చేత్తో పట్టుకుని వంటింట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. మీకు వినపడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏడాదిపాటు నాకు ఒక పాట పెట్టారు. పొద్దున్నే కారు అద్దాల మీద మంచు గీకుతుంటే నాకు ఆ పాటే వినపడేది. ఏ పాటో మీరు ఎప్పుడూ చెప్పలేదు, అందుకని నేనే ఒకటి అనుకున్నాను, తనకి ఇష్టమైనది. ఇప్పుడు ఆ రోడ్డు మీద విష్ణు ఒక్కడే ఉన్నాడు, పాట లేదు. దీన్ని నేనేం చేసుకోను?

కోపం పోలేదు. అయినా పని చెబుతాను.

గ్రాహంకి మీ మాట చెప్పాను. మాటొక్కటే చాలదేమో అని నసిగాడు. ఆపైన ఏదో తోచినట్టు లేచి స్టోర్‌రూమ్‌కి వెళ్లి, ఒక చిన్న పార్సిల్ పట్టుకొచ్చాడు. విష్ణు పేరు మీద, తను పోయాక వారం రోజులకి వచ్చిందట. ఎవరూ విప్పలేదు. విప్పితే లోపల వెడల్పాటి ఫీలర్ రేకులు. బిల్లు మీద తేదీ చూస్తే, ఆ శుక్రవారం పొద్దున ఆర్డరు పెట్టాడు. వచ్చాక మళ్లీ కొలుద్దామని.

గ్రాహం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఇది విష్ణు పనే, నా చేతులతో పూర్తయింది అంతే అన్నాడు. అధ్యాయం తిరిగి రాస్తున్నాం. గాడి లాభం ఇవ్వలేదని, సందు కొలవడంలో ఎక్కడ మోసపోతామో విద్యార్థే స్వయంగా గుర్తించాడని అందులో ఉంటుంది. మీరు మీ మాట తెలుగులోనే రాసి సంతకం పెట్టి పంపండి, నేను ఇంగ్లీషు చేయిస్తాను. డాక్టరేట్ ఇస్తారో ఇవ్వరో ఇప్పుడే తెలియదు. ఇవ్వకపోయినా నాకు పరవాలేదు.

మావయ్యగారికి చెప్పండి. ఆయనకి చెప్పకుండా సభకి వెళ్లొద్దు.

ఒక్కటి మాత్రం నా వల్ల కావడం లేదు. నాకెందుకు చెప్పొద్దన్నాడు? మా ఇద్దరి మధ్యా ఏ సంగతీ దాగేది కాదు. నేనూ ఇంజనీరునే, రేకు ఒరిగిందంటే నాకు అర్థం కాదా? నేనేమన్నా తిడతాననుకున్నాడా? ఆఖరి మాట నాతో చెప్పకుండా ఆరుగంటల దూరం మీ దగ్గరికి ఎందుకు బయలుదేరాడు? తను ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఈసారి తీపి కలపకండి. చేదుగా ఉన్నా సరే.

అక్షయ


పాపకూర
జులై ఆఖరు, సోమవారం

అమ్మా అక్షయా,

నిన్న సభ అయింది. నువ్వు రాలేనని మెసేజ్ పెట్టావు, నీ మీద నాకు కోపమేమీ లేదు, నీ చోట ఉంటే నేనైనా వచ్చేదాన్ని కాదు.

శనివారం పొద్దున మీ మావయ్యకి చెప్పాను. కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. అరుస్తారనుకున్నాను, అరవలేదు. "నాకొక్క మాట చెప్పి ఉంటే డెసర్ట్ రోడ్డు అవతలి దాకా ఎదురెళ్లేవాణ్ణి కదే. వాడి కారు అక్కడ వదిలేసి, నేనే నడిపి తెచ్చుకునేవాణ్ణి కదే" అన్నారు. ఆ మాట నా కట్టె కాలేదాకా నాతోనే ఉంటుంది. ఉండాల్సిందే.

సభలో నేను ఎక్కువసేపు మాట్లాడలేదు. కాగితం తీసుకెళ్లాను గానీ చూడలేదు. మావాడి రెక్క నెగ్గలేదండీ అన్నాను. వాడు కొలవడంలో పొరపడ్డాడు, ఆ పొరపాటు వాడే పట్టుకున్నాడు, వాడు మొదలుపెట్టిన దిద్దుబాటు వాడి భార్య పూర్తిచేసింది అన్నాను. పాట అబద్ధమని కూడా చెప్పాను. ముందు వరసలో కూర్చున్న శకుంతల కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అదే నయం. ఉదయభాస్కర్ గారు షీల్డు మీద 'డాక్టర్' అన్న మాట లేకుండా చేయించారు. దాన్ని టీవీ పక్కన పెట్టాను.

గ్రాహం గారికి పంపమన్న కాగితం ఇందులోనే పెడుతున్నాను.

ఇక నువ్వడిగిన దానికి జవాబు. ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం, నీ దగ్గర దాచాలని కాదు, రాస్తే నువ్వు తట్టుకుంటావో లేదో అని.

ఏడ్చాడమ్మా. చిన్నప్పటిలాగే, మాట మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చాడు. నేనూ నీలాగే అడిగాను, అక్షయకి చెప్పావురా, అది నీకంటే తెలివైంది కదా, ముందు దానికి చెప్పు అన్నాను. "చెబుదామని ఇంటికెళ్లానమ్మా. గుమ్మంలోంచే కనపడింది. వంటింట్లో నిలబడి, ఎవరికో ఫోన్లో నా రెక్క గురించి చెబుతోంది. అంత నవ్వు దాని మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు. లోపలికి వెళ్లలేక వెనక్కి తిరిగి వచ్చేశాను. ఈ రెండు రోజులు దాన్ని అలా ఉండనీ. ఆదివారం వచ్చి నేనే చెప్పుకుంటాను" అన్నాడు.

ఇందులో నేను కలిపింది ఏమీ లేదు తల్లీ.

మీ అత్తయ్య